పిల్లి కక్కుతుంటే తప్పెవరిది?

మన అసోసియేషన్ భోజనాల దగ్గర ఒక చెల్లెలు ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, “అక్కా, తినేటప్పుడు అడగకూడదు గానీ, మీ పిల్లికి వాంతులు తగ్గాయట కదా, అసలు కారణం ఎలా కనిపెట్టారు?” అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా ఎదురుగా కూర్చున్న ఇంకో ఇద్దరు, “మా పిల్లికీ అదే గొడవండీ” అంటూ దగ్గరికి జరిగారు. గులాబ్ జామ్ గిన్నె పక్కనే పెట్టుకుని అరగంట సేపు మేం పిల్లి వాంతుల గురించే మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు ఆ చెల్లెలే, “ఇదంతా రాసి పెట్టండి, నలుగురికీ పనికొస్తుంది” అంది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మనవి. నేను పశువైద్యురాలిని కాను. మా ఇంట్లో మూడు నెలలు నేల తుడిచిన అనుభవం, మా డాక్టరమ్మ ఓపికగా చెప్పిన సంగతులు, తరువాత నేను చదివి తెలుసుకున్నవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. మీ పిల్లిని చూడాల్సింది మీ వెట్.

పోపు కథ

మా పిల్లి పేరు పోపు. నలుపు, నారింజ, గోధుమ రంగులు కలిసి, అచ్చం మూకుట్లో చిటపటలాడే ఆవాలు, ఎండుమిరపకాయల్లా ఉంటుందని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. షెల్టర్ నుంచి కూనగా తెచ్చుకున్నాం. గడప దాటి ఎరగదు. దానికి రెండేళ్ళు నిండిన కొత్తల్లో వాంతులు మొదలయ్యాయి. మొదట వారానికి ఒకసారి, తరువాత రెండుసార్లు, ఒక్కోసారి వరసగా రెండు రోజులు. మధ్యలో మాత్రం ఏమీ ఎరగనట్టు ఆడుకునేది. అదే మమ్మల్ని మోసం చేసింది.

సరిగ్గా అప్పటికి రెండు వారాల ముందే మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. ఆవిడకి పోపు అంటే ప్రాణం. తను తినే పెరుగన్నంలో చివరి ముద్ద దానికి పెట్టనిదే చెయ్యి కడుక్కునేవారు కాదు. ఇంకేముంది, ముద్దాయి దొరికింది! “అత్తయ్యా, దానికి పెరుగన్నం పెట్టకండి, పడటం లేదు” అన్నాను. అన్న తీరు కూడా బాగా లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పోపు దగ్గరికి వచ్చి కాళ్ళకి రాసుకుంటే చెంగు సర్దుకుని పక్కకి జరిగేవారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం గానీ, మా ఇంట్లో పిల్లి మీద దిగులంతా అత్త మీద చూపించాను.

పెరుగన్నం మానేశాక అయిదు రోజులు వాంతి లేదు. “చూశారా!” అనుకున్నాను. ఆరో రోజు తెల్లవారేసరికి మళ్ళీ మామూలే. కాకి వాలినప్పుడే తాటిపండు పడితే కాకి బరువుకే పడిందనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయం అన్నారు. వచ్చిపోయే జబ్బుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వాటంతట అవే కొన్నాళ్ళు ఆగుతాయి. ఆ సమయంలో మనం ఏది మానేసి ఉంటే అదే కారణమనీ, ఏది పెట్టి ఉంటే అదే మందనీ అనుకుంటాం.

అది వాంతేనా?

డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్నకే నేను తెల్లమొహం వేశాను. “కక్కేముందు పొట్ట ఎగరేస్తుందా?” అని అడిగింది. ఎందుకంటే మనం వాంతి అనుకునేవి మూడు రకాలట.

నిజమైన వాంతిలో పిల్లికి ముందుగా వికారం పుడుతుంది. పెదాలు నాకుకుంటుంది, గుటకలు మింగుతుంది, ఒక విధంగా అరుస్తుంది. తరువాత పొట్ట కండరాలు గట్టిగా లోపలికీ బయటికీ కదిలి, కడుపులో ఉన్నది బయట పడుతుంది. రెండోది, మింగినది కడుపుదాకా వెళ్ళకుండానే వెనక్కి రావడం. ఇందులో శ్రమ ఉండదు. తల వంచగానే తిన్నది తిన్నట్టు, ఒక్కోసారి గొట్టం ఆకారంలో పడిపోతుంది. ఇది అన్నవాహికకి సంబంధించిన సమస్య. మూడోది దగ్గు. పిల్లి నేలకి ఆనుకుని కూర్చుని, మెడ ముందుకు చాచి, ఖళ్ళు ఖళ్ళుమంటుంది, కానీ ఏమీ రాదు. చాలామంది దీన్ని “వెంట్రుకల ఉండ రావడం లేదు పాపం” అనుకుంటారు. అది ఆస్తమా కావచ్చు.

ఈ మూడింటికీ దారులు వేరు, పరీక్షలు వేరు. అందుకని మీరు చేయగలిగిన మొదటి మంచి పని, తుడవడానికి పరిగెత్తే ముందు సెల్‌ఫోనుతో ఒక వీడియో తీయడం. డాక్టరు ముందు ఏ పిల్లీ కక్కదు. వీడియో కక్కుతుంది.

వెంట్రుకల ఉండల మీద నెపం

పిల్లి వాంతి చేసుకుంటే అందరం అనే మాట “హెయిర్‌బాల్ అయ్యుంటుంది” అని. పిల్లి రోజంతా ఒళ్ళు నాకుకుంటుంది. నాలుక మీద గరుకు ముళ్ళు దువ్వెనలా వెంట్రుకల్ని పట్టి గొంతులోకి పంపిస్తాయి. అవి చాలావరకు మలంలో పోతాయి. ఎప్పుడైనా ఒక ఉండ బయటికి వస్తే కంగారు పడక్కర్లేదు. కానీ వారం వారం వాంతులవుతుంటే, అందులో వెంట్రుకలు కనిపించినా సరే, దాన్ని “పిల్లులకి మామూలే” అని వదిలేయకూడదు. ఆరోగ్యంగా ఉన్న పేగులు వెంట్రుకల్ని కిందికి నెట్టేస్తాయి. తరచుగా పైకి వస్తున్నాయంటే, పిల్లి మరీ ఎక్కువగా నాకుకుంటోందా, కడుపూ పేగులూ సరిగ్గా కదలడం లేదా అని చూడాలి. మేం ఒక ట్యూబు హెయిర్‌బాల్ పేస్టు కొని మూడు వారాలు పోగొట్టుకున్నాం.

ఇంట్లో ఉండే పడుచు పిల్లికి ఏయే కారణాలు?

వయసు చాలా సంగతులు చెబుతుంది. థైరాయిడ్ ఎక్కువ కావడం, మూత్రపిండాలు నెమ్మదిగా దెబ్బతినడం, పేగుల్లో కాన్సర్ వంటివి ఎక్కువగా పెద్ద వయసు పిల్లులకి వచ్చేవి. రెండు మూడేళ్ళ పిల్లి అయితే ముందుగా ఆలోచించాల్సినవి ఇవి.

తిండి తీరు: పిల్లి కడుపు చిన్నది. దాని సహజ పద్ధతి రోజుకి చాలాసార్లు కొంచెం కొంచెం తినడం. మనం రెండు పూటలే గిన్నె నింపితే ఆబగా మింగి, పావుగంటలో అంతా కక్కేస్తుంది. ఇంట్లో రెండు పిల్లులుంటే పోటీపడి ఇంకా తొందరగా తింటాయి. దీనికి మందు లేదు. కొంచెం కొంచెంగా పెట్టడం, వెడల్పాటి పళ్ళెంలో పరచడం, వేరు వేరు గదుల్లో పెట్టడం చాలు. అలాగే సేల్‌లో దొరికిందని ఒక్క రోజులో బ్రాండు మార్చేయకూడదు. వారం పది రోజుల మీద పాతదాంట్లో కొత్తది కలుపుతూ మార్చాలి.

తిండి పడకపోవడం: కొన్ని పిల్లులకి కోడి, గొడ్డు, చేప లాంటి ఒక మాంసకృత్తి పడదు. ఏళ్ళ తరబడి తిన్నదే ఒక రోజు నుంచి పడకపోవచ్చు. “ఎప్పటినుంచో ఇదే పెడుతున్నాం కదా” అన్నది సాక్ష్యం కాదు.

పురుగులు: “బయటికే వెళ్ళదు, పురుగులెక్కడివి?” అని నేనూ అన్నాను. ఏలిక పాములు తల్లి పాల ద్వారానే కూనలకి రావచ్చు. మన చెప్పులకంటి వచ్చిన మట్టిలో గుడ్లు ఉండవచ్చు. నాకుకునేటప్పుడు మింగిన ఈగ లాంటి గోమారి వల్ల బద్దె పురుగులు వస్తాయి. ఇక దోమ కాటు వల్ల వచ్చే హార్ట్‌వర్మ్ ఇంట్లో పిల్లికీ వస్తుంది. దోమకి గడప అడ్డం కాదు కదా! పిల్లుల్లో హార్ట్‌వర్మ్‌కి దగ్గుతో పాటు వాంతులు కూడా ఒక లక్షణం. పెద్ద పురుగుల్ని చంపడానికి పిల్లులకి ఆమోదించిన మందు లేదు. నెలనెలా రాకుండా వాడే మందే రక్ష.

మింగకూడనివి మింగడం: దీని గురించి కింద ఎక్కువ రాస్తాను. పడుచు పిల్లుల్లో ఇది చాలా ముఖ్యమైన కారణం.

విషాలు: మొక్కలు, మందులు, మన వంటింటి సరుకులు. ఇదీ కింద చెబుతాను.

లోపలి జబ్బులు: పేగుల్లో దీర్ఘకాలపు వాపు, క్లోమం వాపు, కాలేయపు జబ్బులు. ఇవి పడుచు పిల్లులకీ రావచ్చు. అందుకే రక్త పరీక్ష.

తిండి సంగతి వచ్చింది కాబట్టి శాకాహారపు ఇళ్ళకి ఒక మాట. పిల్లికి మాంసం తప్పనిసరి. టారిన్ అనే పదార్థాన్ని అది తన ఒంట్లో చాలినంత తయారు చేసుకోలేదు. టారిన్ తక్కువైతే గుండె కండరం ఉబ్బి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పయన్ బృందం చూపించింది. ఆ తరువాతే కంపెనీలు పిల్లి తిండిలో టారిన్ పాళ్ళు పెంచాయి. కంటిచూపుకి కూడా అది కావాలి. కాబట్టి మన నియమాలు మనకి, దాని నియమాలు దానికి. పెరుగన్నం చివరి ముద్ద వల్ల సాధారణంగా ప్రమాదం లేదు గానీ, అదే భోజనం కాకూడదు. పాలైతే చాలా పెద్ద పిల్లులకి అరగవు, విరేచనాలవుతాయి. కళ్ళు మూసుకుని తాగినా సరే.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుంది?

ఒకేసారి అన్ని పరీక్షలూ చేయరు. తేలికైనవీ తక్కువ ఖర్చువీ ముందు, కష్టమైనవి తరువాత. ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ కొన్ని కారణాలు కొట్టేసుకుంటూ వెళతారు. ఈ వరస ముందే తెలిస్తే “ఇన్ని పరీక్షలు డబ్బు కోసమేనా?” అన్న అనుమానం రాదు.

మొదటి మెట్టు: బరువు, ఒళ్ళంతా తడిమి చూడటం, నోరు తెరిచి నాలుక కింద చూడటం. నాలుక కింద ఎందుకంటే మింగిన దారం ఒక కొస అక్కడ చుట్టుకుని ఉండవచ్చు. పోపు బరువు అంతకు ముందు ఏడాది తొమ్మిదిన్నర పౌన్లు. ఇప్పుడు ఎనిమిదిన్నరకి దిగింది. మనకి ఒక పౌను లెక్కలోది కాదు. దానికి అది ఒంట్లో పదో వంతు. ఆ అంకె విన్నాకే నాకు భయం మొదలైంది.

రెండో మెట్టు: మల పరీక్ష, పురుగుల మందు, రక్త మూత్ర పరీక్షలు. కావాలనుకుంటే బీ-12 విటమిన్, క్లోమం పరీక్ష కూడా చేస్తారు. బీ-12 తగ్గితే చిన్న పేగు చివరి భాగంలో ఏదో తేడా ఉందని సూచన. పోపుకి అన్నీ మామూలుగానే వచ్చాయి. “ఏమీ లేదు” అన్న రిపోర్టు చూసి మావారు డబ్బు దండగైంది అన్నారు. డాక్టరమ్మ మాత్రం, “దండగ కాదు, మూత్రపిండాలు, కాలేయం, షుగరు, పురుగులు అన్నీ జాబితాలోంచి కొట్టేశాం” అంది.

మూడో మెట్టు: పథ్యం. మాంసకృత్తుల్ని చిన్న ముక్కలుగా విడగొట్టి చేసిన ప్రత్యేక తిండి, లేదా ఆ పిల్లి ఎన్నడూ తినని మాంసంతో చేసినది, కనీసం రెండు మూడు వారాలు పెట్టి చూస్తారు. తిండి పడకపోవడమే కారణమైతే సాధారణంగా ఈలోపే తేడా తెలుస్తుంది. షరతు ఒక్కటే. ఆ తిండి తప్ప ఇంకొక్క మెతుకు పడకూడదు. పిల్లలు చాటుగా పెట్టే చిరుతిండి ఒక్కటి చాలు, మూడు వారాల పథ్యం గంగలో కలుస్తుంది.

నాలుగో మెట్టు: ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్. అయిదో మెట్టు: మత్తిచ్చి గొంతులోంచి కెమెరా పంపే ఎండోస్కోపీ, లేదా పొట్ట కోసి చూడటం, పేగు ముక్క తీసి పరీక్షించడం.

పరిస్థితి తీవ్రంగా ఉంటే ఈ వరస పాటించరు. తిన్నగా నాలుగో మెట్టుకే వెళతారు.

అత్తయ్యగారి డైరీ

పథ్యం మొదలుపెట్టిన రోజు డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చి, ప్రతి వాంతినీ రాయమంది. తేదీ, సమయం, తిని ఎన్ని గంటలైంది, రంగు, అందులో ఏముంది. పైకి చిల్లర పనిలా కనిపిస్తుంది గానీ, పరీక్షలకి దొరకనిది ఈ కాగితం పట్టిస్తుంది. తెల్ల నురగ అయితే కడుపు ఖాళీగా ఉందని. పసుపు పచ్చగా ఉంటే పైత్యరసం. కాఫీ పొడిలా నల్లటి రవ్వలుంటే అరిగిన రక్తం, వెంటనే వెళ్ళాలి. తిన్న వెంటనే వస్తే ఆబగా తిన్నదేమో. తిని పది పన్నెండు గంటలైనా గింజ గింజలాగే వస్తే కడుపు కిందికి ఖాళీ కావడం లేదని అర్థం.

మేమిద్దరం ఉద్యోగాలకి పోతాం. తెల్లవారుజామున లేచేది అత్తయ్యగారే. కాగితం ఫ్రిజ్ మీద అంటించాను గానీ ఆవిడకి చెప్పలేదు. మూడో రోజు చూస్తే అందులో ఆవిడ ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు ఉన్నాయి. “తెల్లవారి 4:50. రాత్రి 7 గంటలకు తిన్నది తిన్నట్టు పడింది. గింజ విరగలేదు.” రెండున్నర వారాల్లో ఏడు వాంతులు. అందులో నాలుగు ఇలాంటివే. నాలుగూ ఆవిడ రాసినవే. నేను నిద్ర లేచేసరికి ఆవిడ నేల తుడిచేసి ఉంచేవారు. అందుకే అన్నాళ్ళూ ఆ సమయం సంగతి నాకు తెలియనే లేదు.

ఆ సాయంత్రం ఆవిడ ఒక మాట అన్నారు. “అమ్మాయ్, మా పుట్టింట్లో గేదె ఒకటి ఇలాగే మేత మానుతూ, మళ్ళీ తింటూ చిక్కిపోయింది. చివరికి కడుపులో ఇనప తీగ ముక్క బయటపడింది. దీనికి తిన్నది పడక కాదమ్మా, లోపలేదో అడ్డం పడి అరగడం లేదు.”

పథ్యం వల్ల ఏ తేడా లేదు. కాగితం చూసిన డాక్టరమ్మ ఒక్క నిమిషం దాన్నే చూస్తూ ఉండిపోయింది. తెలుగు గీతల్ని నేను చదివి చెప్పాను. మర్నాడు పన్నెండు గంటలు తిండి లేకుండా ఉంచి తీసుకురమ్మంది.

దొరికిన దొంగ

ఎక్స్‌రేలో ఏ వస్తువూ స్పష్టంగా కనిపించలేదు. లోహం, ఎముక, రాయి అయితే కనిపిస్తాయి. గుడ్డ, దారం, రబ్బరు చాలాసార్లు కనిపించవు. కానీ పన్నెండు గంటలు పస్తున్న పిల్లి కడుపు ఖాళీగా లేదు! డైరీ చెప్పిందే ఎక్స్‌రే చెప్పింది. అల్ట్రాసౌండ్‌లో కడుపులో ఒక ముద్ద, దాని వెనక నల్లటి నీడ కనిపించాయి. రెండు రోజుల తరువాత స్పెషలిస్టు ఎండోస్కోపీ చేసి, చిన్న పట్టకారుతో ఒక్కొక్కటిగా బయటికి లాగారు. నాలుగు హెయిర్ టైలు, వాటి చుట్టూ చిక్కుపడిన వెంట్రుకలు.

అవి కడుపులో తేలుతూ తిరుగుతున్నంత సేపూ పిల్లి మామూలుగా ఉండేది. కడుపు నుంచి పేగులోకి వెళ్ళే సన్నటి ద్వారానికి వచ్చి అడ్డుపడినప్పుడు తిన్నది కిందికి దిగక కక్కేది. మళ్ళీ జరిగితే సర్దుకునేది. వాంతులు వచ్చి పోతూ, మమ్మల్ని మోసం చేసింది ఇందుకే. అదృష్టం కొద్దీ ఒక్కటి కూడా పేగులోకి జారి ఇరుక్కోలేదు. జారి ఉంటే పొట్ట కోయాల్సి వచ్చేది.

అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మాయి వేసవి చివర్లో కూచిపూడి క్లాసులో చేరింది. జడ, ముడి, వాటికోసం డబ్బా నిండా హెయిర్ టైలు. ప్రాక్టీసు అయ్యాక తీసి బాత్‌రూమ్ గట్టు మీద పడేసేది. అత్తయ్యగారు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. కాకి వాలడం ఒకటి, తాటిపండు పడటం ఇంకొకటి.

డాక్టరమ్మ చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చిన ఊదారంగు హెయిర్ టై చూసి మా అమ్మాయి బావురుమంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, “నీదేం తప్పు తల్లీ, పిల్లకి తెలుసా, పిల్లికి తెలుసా” అని నానమ్మే ఓదార్చారు. అప్పుడు నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తల వంగిపోయింది. ఆ రాత్రి ఆవిడ భోజనం చేస్తుంటే పక్కన కూర్చుని, “అత్తయ్యా, చివరి ముద్ద దానికి పెట్టండి” అన్నాను. “ముందు దాని డాక్టరుని అడుగు” అన్నారు నవ్వుతూ. అడిగాను. ఒక చెంచా పరవాలేదట.

దారాల ప్రమాదం

హెయిర్ టై కంటే దారం ఇంకా ప్రమాదం. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుని, మిగతా దారం పేగుల్లోకి వెళితే, పేగులు దాని మీద ముడుచుకుంటాయి. లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చిళ్ళు పడుతుందే, అలాగ. ఆ బిగువుకి దారం పేగుని కోసేస్తుంది. ఇది ప్రాణాంతకం. మన ఇళ్ళలో దారాలకి కొదవేముంది? పూలు కట్టిన దారం, వరలక్ష్మీ వ్రతం తోరం, రాఖీ, దీపం వత్తులు, చీర ఫాల్ కుట్టే సూదీ దారం, క్రిస్మస్ చెట్టు మెరుపు తీగలు. పూజ అయ్యాక దేవుడి గూట్లోంచి తీసిన దండ మూత ఉన్న చెత్తబుట్టలోకే వెళ్ళాలి. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

ఇంట్లో విషాలు

అన్నిటికంటే ముఖ్యం లిల్లీ పూలు. ఈస్టర్ లిల్లీ, ఏషియాటిక్ లిల్లీ, డే లిల్లీ ఏదైనా సరే. ఆకు కొరికినా, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా, కుండీలో నీళ్ళు తాగినా రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. మొదటి లక్షణం వాంతే. పిల్లి ఉన్న ఇంట్లో ఆ పూలే వద్దు. సాగో పామ్ మొక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మన ప్రతి ఇంట్లో ఉండే మనీ ప్లాంటు అంత ప్రమాదం కాదు గానీ, నమిలితే నోరు మండి వాంతులవుతాయి.

ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాల్ని పాడుచేస్తాయి. పచ్చివైనా, వండినవైనా, పొడి అయినా ఒకటే. అంటే పప్పు, సాంబారు, కోడికూర దేనిలోంచీ ముక్క పెట్టకూడదు. పట్టుచీరల పెట్టెలోని కలరా ఉండలు కూడా విషమే. టైలనాల్ ఒక్క బిళ్ళ పిల్లిని చంపగలదు. పెప్టో బిస్మాల్ లాంటి మన వాంతుల మందులు దానికి పోయకండి. కుక్కల గోమార్ల మందు పిల్లికి రాయకండి. విషం తిన్నదని ఇంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కక్కించే ప్రయత్నమూ చేయకండి. అమెరికాలో ఏ.ఎస్.పి.సి.ఏ. వారి విష సహాయ కేంద్రం 888-426-4435 నంబరులో పగలూ రాత్రీ పలుకుతుంది. కొంత ఫీజు తీసుకోవచ్చు.

కొనే తిండి సంచీ మీద లాట్ నంబరు ఉంటుంది. సంచీ పారేసినా అది చింపి దాచండి. 2007లో మెలమిన్ కలిసిన గోధుమ గ్లూటెన్ వల్ల ఎన్నో పిల్లులూ కుక్కలూ మూత్రపిండాలు పాడై చనిపోయాయి. అప్పుడు పెద్ద ఎత్తున తిండి వెనక్కి తీసుకున్నారు. తమ దగ్గరున్నది ఏ సంచీయో తెలిసినవారే జాగ్రత్త పడగలిగారు.

ఎప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు?

రోజులో పదేపదే కక్కుతున్నా, నీళ్ళు కూడా నిలవకపోయినా, రక్తం కనిపించినా, పొట్ట ముట్టుకుంటే అరుస్తున్నా, మూలకి చేరి దాక్కున్నా, మగపిల్లి ఇసుక తొట్టెలో ముక్కుతూ మూత్రం పోయలేకపోతున్నా, రాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. చివరిది చాలామందికి తెలియదు. మూత్రం బిగిసినా వాంతులవుతాయి, గంటల మీద ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొకటి. “కడుపుకి విశ్రాంతి” పేరుతో పిల్లిని రోజుల తరబడి పస్తు ఉంచకూడదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ఒక పెద్ద జబ్బవుతుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఫోన్ చేయండి.

ఖర్చు సంగతి కూడా దాచను. మా బిల్లు వేలల్లోకి వెళ్ళింది. ఏ మెట్టుకైనా ముందే అంచనా రాయించుకోండి. “ఇది చేస్తే ఏం తెలుస్తుంది, చేయకపోతే ఏం నష్టం?” అని మొహమాటం లేకుండా అడగండి. పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లో కూడా కనుక్కోండి. పిల్లికి బీమా తీసుకుంటే కూనగా ఉన్నప్పుడే తీసుకోండి. జబ్బు మొదలయ్యాక తీసుకుంటే ఆ జబ్బుకి మామూలుగా వర్తించదు.

ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ఎండోస్కోపీ అయ్యాక కూడా రెండు నెలలు కాగితం ఫ్రిజ్ మీదే ఉంచాం. ఎప్పుడో ఒక వెంట్రుకల ఉండ తప్ప ఇంకేమీ రాలేదు. పోపు మళ్ళీ తొమ్మిదిన్నర పౌన్లకి వచ్చింది. మా అమ్మాయి హెయిర్ టైలన్నీ ఇప్పుడు ఆవకాయ జాడీలో, మూత బిగించి ఉంటాయి. అత్తయ్యగారు వీసా గడువు అయ్యి తెనాలి వెళ్ళిపోయారు. ఆదివారం ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న నా గురించి కాదు, కొడుకు గురించీ కాదు. “పోపు కక్కిందా?”

“లేదత్తయ్యా” అని చెప్పడంలో ఎంత హాయి ఉందో!